పేరులేని మాత్ర

ఓబర్‌మోస్,
4 మార్చి 1956, ఆదివారం

ప్రియమైన రోస్లీకి,

పదకొండు నెలల తర్వాత మా తమ్ముడు మళ్ళీ మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడుసార్లు కలం పట్టుకుని మూడుసార్లూ ఏడ్చాను. నవ్వకు.

వేయించిన బంగాళాదుంపలు నాలుగు తిన్నాడు. తిని, తన కుర్చీలో పడుకున్న పిల్లిని చూసి, "ఇదేమన్నా నీ అత్తగారిల్లనుకున్నావా, లే!" అని తిట్టాడు. నాన్న పోయిన దగ్గర్నుంచి యాకోబ్ నోట ఒక్క తిట్టు వినలేదు నేను. పశువుల కొట్టంలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు, ముద్ద పెడితే మింగేవాడు కాదు. గ్రామ సంరక్షణ సంఘం వాళ్ళు వచ్చి కారెక్కించుకుని మీ లిండెన్‌రైన్‌కి తీసుకుపోయిన రోజున మనిషి మళ్ళీ గుమ్మం తొక్కుతాడనుకోలేదు. పిచ్చాసుపత్రికి వెళ్ళినవాళ్ళు శవపెట్టెలో తిరిగొస్తారని మా పొరుగావిడ ఓర్ట్లీ అననే అంది. ఇవాళ వాడు పిల్లిని తిట్టిన తిట్లు విని కిటికీలోంచి తొంగి చూసింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా నీ పుణ్యమే. నువ్వు అక్కడ నర్సుగా లేకపోతే వాడి వంక చూసేదెవరు? ఒకప్పుడు మా ఇంటికి కోడలిగా రావలసినదానివి, రాలేదు. అయినా రుణం ఉంచుకోలేదు నువ్వు.

మీ ఆసుపత్రి డాక్టర్ బ్రుగ్గర్ గారు రేకు డబ్బాలో తెల్ల మాత్రలు ఇచ్చారు. డబ్బా మీద పేరు లేదు, నీలం సిరాతో ఒక అంకె మాత్రం ఉంది. "ఇవేంటండీ?" అంటే, "నరాలకు బలం తల్లీ, పొద్దునొకటి, సాయంత్రమొకటి" అన్నారు. అంతకుమించి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అంత పెద్ద బల్ల వెనక కూర్చున్న మనిషిని ఏం అడుగుతాం?

నీ
లీనా


లిండెన్‌రైన్,
10 మార్చి 1956

ఒసే లీనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిల్లి సంగతి దగ్గర గట్టిగా నవ్వితే, పక్క మంచాల వాళ్ళందరూ "ఏమైంది సిస్టర్, పెళ్ళి కుదిరిందా?" అని అడిగారు. ముప్పై ఎనిమిదేళ్ళకి కుదిరితే తప్పకుండా చెబుతానన్నాను.

నువ్వు ప్రతి ఆదివారం నాకు రాయాలి. మానావంటే నేనూరుకోను. యాకోబ్ ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఎన్నింటికి లేస్తున్నాడు, అన్నం ఎంత తింటున్నాడు, నోరు ఎండుతోందా, తనంతట తను మాట్లాడుతున్నాడా, నువ్వు కదిలిస్తేనేనా? విరోచనం అవుతోందా? (మన మధ్య సిగ్గేమిటే, నేను రోజూ చూసేది అదేగా.) అన్నీ రాయి, వివరంగా, నువ్వు మాట్లాడినట్టే రాయి. బళ్ళో కూడా నీ అంత బాగా రాసేవాళ్ళు లేరు.

ఒక్క మాట. చేతులు వణికితే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టర్ గారు. వార్డులో ఉంచి చూడాలట.

ఇక్కడ సంగతులేముంటాయి! సూపు అదే సూపు, మంచు అదే మంచు. వంటమనిషికీ నాకూ మళ్ళీ పడటం లేదు.

నీ
రోస్లీ


ఓబర్‌మోస్,
22 ఏప్రిల్ 1956, ఆదివారం

ప్రియమైన రోస్లీకి,

చెట్లకి అంట్లు కట్టే కాలం వచ్చేసింది. ఫిబ్రవరి చలికి ఇక్కడ సగం చెట్లు చచ్చాయి కదా, ఈసారి అంట్లు కట్టేవాళ్ళ కోసం రైతులు కాళ్ళావేళ్ళా పడుతున్నారు. బ్రూల్‌మన్ గారు తానే సైకిలేసుకుని మా ఇంటికొచ్చి, "యాకోబ్, నీ కత్తి తుప్పు పట్టిందా ఏంటి?" అన్నాడు. "కత్తికేం, నాకే పట్టింది" అన్నాడు మావాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట విన్నాక నాకు కడుపు నిండిపోయింది.

బ్రూల్‌మన్ తోటలో మూడు వందల ఆపిల్ అంట్లు కట్టాడు. చేతుల సంగతి అడిగావుగా, రాయిలా ఉన్నాయి. ఎప్పటిలాగే ఒక్క కోతలో కొమ్మ ఏటవాలుగా తెగుతుంది, మళ్ళీ చెక్కే పనే ఉండదు. నార చుట్టడం, మైనం పూయడం నేను చేశాను, ఊరికే, తోడుగా ఉంటానని. నోరు మాత్రం నిజంగానే ఎండిపోతోంది, పావుగంటకోసారి నీళ్ళు తాగుతాడు. రాత్రి తొమ్మిదికి పడుకుంటే అయిదుకి లేస్తాడు. రోజూ పేపరు చదివి మంత్రుల్ని తిడతాడు.

సంరక్షణ సంఘం కార్యదర్శి మొన్న వచ్చి వెళ్ళాడు. "డాక్టర్ గారు సరేనన్నంత కాలం మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. అంటే డాక్టర్ గారు కాదంటే మళ్ళీ కారొస్తుందన్న మాట. ఆ మాట యాకోబ్ కూడా విన్నాడు. ఆ రోజంతా వాడు తోటలోంచి ఇంట్లోకి రాలేదు.

కనుక ఆయనకి మంచి మాటే చెప్పు రోస్లీ. వాడు బాగున్నాడు.

నీ
లీనా


లిండెన్‌రైన్,
9 మే 1956

లీనా, నా బంగారం,

డాక్టర్ గారికి చెప్పాను. ఆయన ముఖం చూడాల్సింది నువ్వు! "మూడు వందలా!" అని కుర్చీలోంచి లేచారు. ఇంటికి పంపినవాళ్ళలో మీ యాకోబ్ అంత బాగున్నవాడు ఇంకొకడు లేడట. ఇంత బాగా ఒంటపట్టింది కనుక పొద్దున రెండు, సాయంత్రం రెండు వెయ్యమన్నారు. కొత్త డబ్బా పోస్టులో వస్తుంది. మనిషిని ఇంత దూరం తీసుకురానక్కర్లేదు, ఉత్తరాలు చాలన్నారు.

నాకూ ఒక మంచి కబురుంది. ఆడవాళ్ళ వార్డుకి నన్ను పెద్ద నర్సుని చేశారు. తాళాల గుత్తి ఇప్పుడు నా నడుముకే వేలాడుతోంది. పన్నెండేళ్ళలో ఏ డాక్టరూ నన్ను "మీరేమంటారు సిస్టర్?" అని అడగలేదు. ఈయన రోజూ అడుగుతాడు. సాయంత్రం ఆరింటికి అందరూ వెళ్ళిపోయాక నా పక్కన కూర్చుని, "ఇవాళ ఎవరు నవ్వారు, ఎవరు ఏడ్చారు, ఎవరు కాఫీ వేడిగా లేదన్నారు, చెప్పండి" అంటాడు. కాఫీ వేడిగా లేదని ఒకావిడ గొణిగితే అది గొప్ప విషయమే, తెలుసా? నెల క్రితం వరకూ ఆ మనిషి కాఫీని, గోడని ఒకలాగే చూసేది.

ఆదివారం ఉత్తరం మానకు.

నీ
రోస్లీ


ఓబర్‌మోస్,
15 జులై 1956, ఆదివారం

ప్రియమైన రోస్లీకి,

ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. గడ్డి కోతల రోజులు.

యాకోబ్ బాగానే ఉన్నాడు. మాట కాస్త తగ్గింది, ఎండ వల్లేమో. నువ్వు పంపిన డబ్బా అందింది. నువ్వు చెప్పినట్టే వేస్తున్నాను.

అంట్లు కొన్ని పట్టలేదు. చలికి మోడులే దెబ్బతిని ఉంటాయని అందరూ అంటున్నారు. బ్రూల్‌మన్ గారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన తోట గట్టున నిలబడి ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో నీకూ తెలుసు.

నిన్నొకటి అడగాలి. మా పొరుగావిడ ఓర్ట్లీకి ఈమధ్య చెయ్యి కొంచెం వణుకుతోంది. కప్పు పట్టుకుంటే కాఫీ సాసర్లోకి ఒలుకుతుంది. నడక కూడా కర్రలా అయిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది. ఇలాంటివి మీ దగ్గర చూస్తుంటావు కదా. ఆవిడ వేసుకునే మందేదో ఉంటే, దాన్ని కాస్త తగ్గిస్తే పోతుందా? ఊరికే అడుగుతున్నాను.

లీనా


లిండెన్‌రైన్,
2 ఆగస్టు 1956

ప్రియమైన లీనా,

ఏమిటే ఈ పొడి ఉత్తరం? వెలితిగా ఉంది. నేను అడిగినవాటికి సగం జవాబులు లేవు. నిద్ర ఎన్ని గంటలు? బరువు పెరిగాడా? చేతుల మాట అసలు ఎత్తలేదు. బాగున్నాయనే కదా?

ఓర్ట్లీ గారిని కాఫీ తగ్గించుకోమను. ఆవిడ ఊరందరి సంగతులూ మోస్తుంది, మెడ పట్టెయ్యక ఏం చేస్తుంది! యాకోబ్‌కి మాత్రం ఒక్క మాత్ర కూడా మానిపించకు. మధ్యలో మానితే లెక్కంతా పాడవుతుంది.

వచ్చే నెల జ్యూరిక్‌లో పెద్ద సభ ఉంది. డాక్టర్ గారు మాట్లాడబోతున్నారు. నేను ఆయన కాగితాలన్నీ సర్దిపెట్టాలి. పని తల మీదకొచ్చి పడింది, పెద్దగా రాయలేను.

రోస్లీ


ఓబర్‌మోస్,
16 సెప్టెంబర్ 1956, ఆదివారం

రోస్లీ,

గురువారం యాకోబ్ కత్తితో బొటనవేలు ఎముక దాకా కోసుకున్నాడు. కొమ్మ చెక్కుతూ కాదు, రొట్టె కోస్తూ. గుడ్డ చుట్టి ఎట్టర్ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. మన ఊరి ముసలి డాక్టరే, నీకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు చూసినాయన.

కుట్లు వేస్తూ ఆయన యాకోబ్ రెండో చెయ్యి చూశాడు. "ఎంతకాలంగా ఇలా ఊగుతోంది?" అన్నాడు. యాకోబ్ నా వంక చూశాడు. నేను నేల చూశాను. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచి, ఏం మందు వేస్తున్నావని అడిగాడు. ఇంటికెళ్ళి డబ్బా తెచ్చి చూపించాను. అంకె చూడగానే ఆయన లోపలికెళ్ళి ఒక వైద్య పత్రిక తెచ్చాడు. "ఇది చదివినప్పుడే మన ఊరి మాటలా ఉందే అనుకున్నానమ్మా" అని పైకి చదివాడు.

"యా. ష్టె., ముప్పై నాలుగేళ్ళు, అంట్లు కట్టే పనివాడు, పెళ్ళికాని అక్కతో ఉంటాడు. ఇంటికి చేరిన మొదటి పూటే నాలుగు బంగాళాదుంపలు తిని, పిల్లిని హాస్యంగా మందలించాడు."

నా పిల్లి రోస్లీ! నా బంగాళాదుంపలు! నా కన్నీళ్ళు తుడుచుకుని నీకు రాసుకున్న మాట, ముక్కూ మొహం తెలియని డాక్టర్లందరి ముందూ పరిచేశావు. మంత్రుల్ని తిట్టడం కూడా వేశారు. నోరు ఎండిపోవడం వేశారు. విరోచనం కూడా వేశారు!

ఎట్టర్ గారు చెప్పారు. ఈ మందు ఇంకా దుకాణాల్లో లేదట. పనిచేస్తుందో లేదో, ఏ కీడు చేస్తుందో చూడటానికి మనుషులకి ఇచ్చి చూస్తున్నారట. అందుకే దానికి పేరు లేదు. నరాలకు బలం కాదు, నా మొహం! నా తమ్ముడి మీద ఏదో చేసి చూస్తుంటే దాన్ని కాఫీతో పాటు నా చేత్తో నేనే వాడికి మింగించాను. వాడికేమవుతోందో ప్రతి ఆదివారం కూర్చుని మీకు రాసి పంపాను. జీతం లేని నర్సుని చేశావు కదే నన్ను!

బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. చిన్నప్పుడు ఒకే రోజు ఒకే చర్చిలో తెల్లగౌను వేసుకుని దేవుడి ముందు ప్రమాణం చేశాం. నువ్వు నిద్ర గురించి అడిగితే, తిండి గురించి అడిగితే, మా మీద బెంగతో అడుగుతున్నావనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని! నీకు పుస్తకం నింపుకోవాలి. నా గుండెకాయ కోసి నీ పుస్తకంలో అతికించుకున్నావు.

నీకు తెలుసా, తెలియదా? ఒక్క మాట చెప్పు చాలు.

లీనా


లిండెన్‌రైన్,
20 సెప్టెంబర్ 1956

లీనా,

తెలుసు.

అబద్ధం ఆడను. మొదటి రోజునుంచీ తెలుసు. కంపెనీ నుంచి ఆ డబ్బాలు పెట్టెల్లో వస్తాయి. ఎవరికి ఎన్ని ఇచ్చాం, ఏమైంది అని మేం పుస్తకంలో రాస్తాం. ఇంటికి వెళ్ళినవాళ్ళ పేజీలు ఖాళీగా ఉండేవి. డాక్టర్ గారు తల పట్టుకున్నారు. అప్పుడు నేనే అన్నాను, "యాకోబ్ వాళ్ళక్క నాకు ఉత్తరాలు రాస్తుంది" అని. నేనే అన్నాను. ఆయన అడగలేదు.

నీ ఉత్తరాలు వార్డులో గట్టిగా చదవలేదు. ఇంటి మాటలు వదిలేసి పనికొచ్చేవే ఎత్తి రాశాను. పిల్లి సంగతి ఆయన కావాలన్నారు, అది చదివితే మనిషి కళ్ళకు కడతాడన్నారు. నిజమే కదా. నాకు గర్వంగా కూడా అనిపించింది, నీ రాత చూసి.

యాకోబ్‌ని అడగలేదేమని నువ్వు అంటావు. ఇక్కడ ఎవర్నీ ఏదీ అడగరు లీనా. సూపు తాగుతావా అని అడగరు, తలుపు వెయ్యమంటావా అని అడగరు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. చన్నీళ్ళ తొట్టెల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టాం, మంచాలకి కట్టాం, ఎవరు అడిగారు? ఈ మాత్ర వచ్చాక మొదటిసారి మనుషులు నా పేరు పెట్టి పిలిచారు. దీన్ని ఎలా చెడ్డదనుకోను? నీ తమ్ముణ్ణి ఇంటికి పంపింది ఇదే.

నీకు చెప్పాల్సింది. చెబితే రాయడం మానేస్తావని భయపడ్డాను, అది నా పాపం. తిట్టు, పడతాను.

కానీ నువ్వూ ఒకటి వినాలి. చేతులు రాయిలా ఉన్నాయని రాసింది నువ్వు. మూడు వందల అంట్లు, ఒక్కోటి ఒక్క కోతతో కట్టాడని రాసింది నువ్వు. మే నెలలో మా వార్డులో నలుగురికి చేతులు వణకడం మొదలైంది. నేను డాక్టర్ గారికి చూపించాను. మాత్రలు తగ్గిద్దామా అని కూడా అన్నాను. ఆయన నీ ఉత్తరం తీసి నా ముందు పెట్టారు. "ఇదే మాత్ర వేసుకుంటూ ఒకడు చెట్లకి అంట్లు కడుతున్నాడు సిస్టర్. వణుకు మందు వల్ల కాదు, ఈ గోడల వల్ల" అన్నారు. ఆ వారమే అందరికీ రోజుకి నాలుగు మాత్రలు చేశారు. ఇరవై రెండు మందికి. అందులో చర్చిలో ఆర్గన్ వాయించే ముసలావిడ ఒకామె ఉంది, ఇప్పుడు ఆమెకి నేను చెంచాతో తినిపిస్తున్నాను.

పొరుగావిడ కథ రాశావు చూడు, అప్పుడైనా నాకు అనుమానం రావాలి. కొంచెం వచ్చింది. రాకూడదని కళ్ళు మూసుకున్నాను. నువ్వు నాతో అబద్ధమాడతావని అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఎందుకు రాశావే అలా?

రోస్లీ


ఓబర్‌మోస్,
30 సెప్టెంబర్ 1956, ఆదివారం

రోస్లీ,

ఎందుకు రాశానో నీకు తెలుసు. చేతులు వణికితే వెంటనే తీసుకురమ్మని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజునే, బల్ల మీద వాడి చెంచా గిన్నెకి తగిలి టకటకలాడుతోంది. కారు మళ్ళీ మా గుమ్మంలోకి వస్తుందని భయపడ్డాను. మూడు వందలూ వాడు కట్టలేదు. నూట పది దగ్గర కత్తి నా చేతికిచ్చి గట్టు మీద కూర్చుండిపోయాడు. మిగతావి నేను కోశాను, అందుకే పట్టలేదు. బ్రూల్‌మన్ గారికి ఈ వారమే చెప్పాను. తెలుసు అన్నాడు.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు పిచ్చిదానిలా తిరిగాను. ఆర్గన్ వాయించే ఆవిడ ఎవరో నాకు తెలియదు. ఆమెకి నువ్వు తినిపిస్తున్న చెంచా నా చేతిలోనూ ఉంది. ఇది నీకు రాయడం నాకిష్టం లేదు. నిన్ను క్షమించలేదు నేను. నీ ముఖం చూడాలని కూడా లేదు. కానీ ఈసారి అబద్ధం రాయను.

బుధవారం సాయంత్రం యాకోబ్‌కి అన్నీ చెప్పేశాను. నీ పుస్తకం, నా ఉత్తరాలు, పత్రిక, ఇరవై రెండు మంది, అన్నీ. వాడు వింటూ ఉన్నాడు. ఈమధ్య వాడి ముఖంలో ఏ భావమూ తెలియదు కనుక, కోపమొచ్చిందో లేదో కూడా నాకు అర్థం కాలేదు. చివర్లో అడిగాడు.

"దాని పేరేంటి?"

"పేరు లేదు, అంకే."

"మరి నా పేరేం రాశారు?"

"యా. ష్టె."

"ఊఁ" అన్నాడు. తర్వాత, "రోస్లీ నిన్నడిగింది. నువ్వు రోస్లీకి రాశావు. రోస్లీ డాక్టరుకి చెప్పింది. డాక్టరు ఊరందరికీ చెప్పాడు. ఇదే ఇంట్లో ఇదే బల్ల దగ్గర ఉన్నాను కదా నేను, నన్నడగడానికి మీకు నోరు రాలేదా?" అన్నాడు.

నేను ఏడ్చాను. నీ కోసమే చేశానురా అన్నాను. "అదే మాట రోస్లీ కూడా అనుంటుంది" అన్నాడు. అన్నావు కదూ, నీ ఉత్తరంలో, వేరే మాటల్లో.

ఎట్టర్ గారు మాత్రలు ఒక్కసారిగా మానొద్దని, కొంచెం కొంచెంగా తగ్గించమని చెప్పారు. ఇప్పుడు రెండుకి దింపాం. చేతులు బాగుపడతాయో లేదో ఆయనకీ తెలియదట. మీ డాక్టరుకి ఉత్తరం రాస్తానన్నారు. నేనూ రాస్తానన్నాను, ఉన్నదున్నట్టు. యాకోబ్ మాత్రం వద్దన్నాడు.

"మీ ఇద్దరి ఉత్తరాలూ చాలు. నేనే వెళ్తాను" అన్నాడు.

వాళ్ళు ఉంచేసుకుంటే ఎలారా అన్నాను. నిన్ను అక్కడ ఉంచమన్న సంరక్షణ సంఘం కాగితం ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, తలుపు వేస్తే తీసేదెవరు అన్నాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఉంచుకుంటే ఉంచుకోనీ. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరు కూడా బయటికొచ్చి చెప్పలేరు. నాకొచ్చు" అన్నాడు. నాన్న పోయాక వాడు ఇంత పెద్ద మాట మాట్లాడటం ఇదే మొదలు. మాత్ర మాట్లాడించిందో వాడే మాట్లాడాడో నీ పుస్తకంలో ఎలా రాసుకుంటావో నాకు తెలియదు.

మంగళవారం పది నలభై బండికి దిగుతాడు. నడక నెమ్మది, మెట్ల దగ్గర ఆగుతాడు. తొందరపెట్టకు. డాక్టర్ గారి బల్ల ముందు కూర్చోబెట్టి, రెండు చేతులూ ఆ బల్ల మీద పెట్టనీ. ఏం చెబుతాడో నాకు చెప్పలేదు. నాకు చెప్పే ఉద్దేశం కూడా లేదు. సాయంత్రం బండికి తిరిగి పంపించు. తాళాలు నీ దగ్గరే ఉన్నాయి కదా. ఇంకేమీ అడగను నిన్ను.

నిన్న వాడి మంచి కోటు ఇస్త్రీ చేసి పెట్టాను. వేసి చూసుకుంటూ గుండీలు వాడే పెట్టుకున్నాడు, చాలాసేపు పట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. స్టేషన్ దాకా తోడొస్తానన్నాను.

రావద్దన్నాడు.

లీనా